ట్రిప్పు పుస్తకం

మళ్ళీ ఆగింది బండి,
ఆకివీడు దాటి, ఉప్పుటేరు వంతెన దిగీ దిగగానే.
వెనక పది టన్నుల బొచ్చె, శీలావతి.
పెట్టెల్లో మంచు కరిగి
తారు మీద సన్నగా గీత గీస్తోంది.

పంపన్నారు, మార్చాను.
ఫిల్టరన్నారు, సెన్సరన్నారు.
తణుకులో ఒకాయన ఏకంగా దిష్టన్నాడు,
గుమ్మడికాయా కొట్టాను.
కాగితే మూగ. చల్లారితే నోరొచ్చేది.
అరగంట గట్టున కూచుని లేస్తే
ఏమీ ఎరగనట్టు పలికేది, నంగనాచి.

మరిడయ్య మోపెడ్ మీద వచ్చాడు.
సంచిలో మీటరు, తడిగుడ్డ,
రెండు అక్షరాలు ఊడిపోయిన లాప్‌టాప్.
కేబినెత్తాడు గానీ దేని మీదా చెయ్యి వెయ్యలేదు.
"ఆగే ముందు దగ్గిందాండి,
దీపం ఆరినట్టు ఆగిందా?"
పదహారేళ్ళుగా ఈ బండి నాది.
ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు, నేనూ వేసుకోలేదు.
దీపమే, అన్నాను.
"డీజిలయితే దగ్గుతుందండి. ఇది కరెంటు చావు."

సాకెట్టు ఊడదీస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము.
కొల్లేటి తేమ, చెరువుల ఉప్పు,
ఇన్ని వానాకాలాలు తాగింది అది.
బ్రష్షుతో గీకాడు, ఎర్తు చూశాడు.
ఐదు వోల్టులుండాల్సిన చోట
మూడున్నర, రెండు,
ఉన్నట్టుండి ఐదు.

"ఒక పెట్టె మూత తియ్యండి" అన్నాడు.
చేపల మీది మంచు రెండు దోసిళ్ళు
పాలిథిన్ సంచిలో మూటగట్టి
ఇంజను పక్కనున్న ఆ కంప్యూటరు డబ్బా నెత్తిన పెట్టాడు.
ఒక బీడీ అయిపోయింది.
తాళం తిప్పాను. పలికింది!
మంచు తీసేశాడు.
ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నాను,
ఏడు నిమిషాలకి ఆరింది.
మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పలికింది.
"లోపలెక్కడో టంకం చిట్లిందండి.
వేడికి చెయ్యి వదిలేస్తంది,
చల్లబడితే పట్టుకుంటంది.
దొంగ దొరికేశాడు, ఆయ్."

చేపలు వేరే లారీ ఎక్కాయి.
బెజవాడ ఆటోనగర్ నుంచి వేరే బండి డబ్బా వచ్చింది,
ఇరవై రెండు వేలు, గ్యారంటీ లేదు.
దానికి నా తాళం తెలీదు.
పాతదాని జ్ఞాపకమంతా తోడి దాన్లో పొయ్యాలిట:
ఆరు ఇంజెక్టర్ల నంబర్లు, తాళం గుర్తు, తిరిగిన దూరం.
నలభై నిమిషాలు. "కరెంటు పోకుండా చూస్కోండి."

తోడేముందు తప్పుల చిట్టా పైకి చదివాడు.
"ఐదు వోల్టుల లోపం, నూట పద్నాలుగు సార్లు.
మొదటిసారి ఎనిమిది లక్షల నలభై వేల కిలోమీటర్ల కాడ."

డాష్‌బోర్డు అరలోంచి ట్రిప్పు పుస్తకాలు తీశాను.
నూనె మరకల కింద దొరికింది.
ఎనిమిది లక్షల నలభై వేల చిల్లర, ఇచ్ఛాపురం, ఆషాఢం.
డ్రైవరు సువార్తరాజు గుండ్రటి రాత:
"బండి ఆగింది. కారణం తెలీదు."
దాని కింద ఎర్ర సిరాతో నాది:
"డీజిలమ్మి నీళ్ళు కలిపాడు.
మూడు నెలల జీతం ఆపి మాన్పించాను."

నీళ్ళు కలిపితే దగ్గుతుంది.

కొత్త డబ్బా బిగించాడు, నాలుగు బోల్టులు.
సాయంత్రం దాకా ఆపకుండా తిప్పాం, ఆరలేదు.
పాతది కాటాకిచ్చెయ్యనా అన్నాడు,
వద్దన్నాను.

కాళ్ళ దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా ఉంటున్నాడు రాజు.
గట్టు మొదట్లో బండి ఆపకుండానే దిగి
డబ్బా చూపించాను, చెప్పాల్సింది చెప్పాను,
చెప్పినంతసేపూ చెరువులో చక్రాలు నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి.
"తెలీదనే రాశాను గదండి" అన్నాడు.
డబ్బు లెక్కపెట్టాడు టార్చి వెలుగులో,
రెండుసార్లు.
మూడు నెలల జీతం జేబులో పెట్టుకుని
పైన వేసిన ఐదు వేలూ
నా చేతిలో పెట్టేశాడు.
తర్వాత నన్ను కాదు,
గట్టు చివర ఇంజనుని విన్నాడు చాలాసేపు.
"ఉత్తినే తిరుగుతోందండి,
ఆపెయ్యండి" అన్నాడు.