వయసు పెరగని మాట

ఫోను బిల్లు పదకొండు పేజీలు.
ఓడ్‌వేగ్ దాన్ని బల్ల మీద పరిచి
చేపపొలుసు అంటిన వేలితో వరుసలు చూపించింది:
రెండూ పదమూడు. రెండూ పదహారు. రెండూ పంతొమ్మిది.
రాత్రంతా మా శీతల గోదాము
ట్రోమ్సోకి ఫోన్ చేస్తూనే ఉందట.
"ప్రేమలో పడిందేమో" అన్నాడు కాపలా ఐలిఫ్
ఖాళీ పెట్టె మీద కూర్చుని కాఫీ ఊదుకుంటూ.

బయట జనవరి. ఫిన్‌మార్క్ తీరం.
నవంబరులో వెళ్ళిన సూర్యుడు ఇంకా రాలేదు.
పగలు పన్నెండింటికి కొంచెం నీలం, అంతే.

సముద్రం అడుగున అసలు లైను నిక్షేపంలా ఉంది.
అది తెగితే లేవాల్సిన ఐఎస్‌డీఎన్ లైను
తెగకుండానే లేస్తోంది.
పిలవని పేరంటం,
పైగా ప్రతి పిలుపుకీ రుసుము.

మొదట హలోల మీద అనుమానపడ్డాను.
రౌటర్లకు అదొక జబ్బు. పది సెకన్లకోసారి
ఉన్నావా, ఉన్నాను, ఉన్నావా, ఉన్నాను.
కానీ ఈ లైను మీద వాటి నోరు
నేనే మూయించి ఏడాదైంది.
ఒక్కసారి తెలిసిన దారులన్నీ చెప్పేసుకుని
ఆ మాటల మీద "దీనికి వయసు పెరగదు" అని గుర్తు వేసి
ఫోను పెట్టేయాలి. అదీ ఒప్పందం.
ఆ తర్వాత కబురు లేకపోవడమే క్షేమం.

మరి ఎవరు మీట నొక్కుతున్నారు?

డీబగ్ పెట్టి కూర్చున్నాను.
తెర మీద అక్షరాలు పారుతున్నాయి
వలలోంచి జారే చిన్న చేపల్లా.
పట్టుకోబోతే ఒకటీ చేతికి రాదు.
లైను పడింది.
మూడు సెకన్లు.
లైను లేచింది.
రెండు నిమిషాలు ఊరుకుని మళ్ళీ పడింది.
మూడు సెకన్లు.

తెల్లవారుజామని గడియారం చెప్పిన వేళకి దొరికింది.
లైను లేవగానే రౌటరు
అవతలివాడి చిరునామాను ఒక చిన్న దారిగా రాసుకుంటోంది.
లైను పడగానే చెరిపేస్తోంది.
చెరపడం కూడా ఒక వార్తే కదా,
వార్త అంటే పొరుగువాడికి చేరాలి కదా,
అందుకని,
ఫోను పెట్టేశానని చెప్పడానికి
మళ్ళీ ఫోను చేస్తోంది.

ఐలిఫ్‌కి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.
"మా తమ్ముడు టోర్‌గ్రిమ్ ఇంతే" అన్నాడు.
"పడవ వాటా గొడవలో, ఇక నీతో మాటల్లేవని చెప్పడానికి
ఒక్క వారంలో నాలుగుసార్లు ఫోన్ చేశాడు.
అయిదోసారి చేస్తాడని చూశాను.
ఆరేళ్ళయింది."
కప్పు అడుగు చూసుకుని
"దానికి నీ దగ్గర మందుందా, సున్నివా?"

ఉన్నది ఒకే ఒక్క ఆజ్ఞ:
అవతలివాడి చిరునామా విడిగా రాసుకోకు.
ఇక్కడ కొట్టాను. ట్రోమ్సోలో వాళ్ళ చేత కొట్టించాను.
లైను పడింది.
మూడు సెకన్లు. ముప్పై.
పావుగంట.
గోదాములో కంప్రెసరు చప్పుడు ఒక్కటే.

"ఇంత నిశ్శబ్దంగా ఉంటే
అవతల మనిషున్నాడని దానికెలా తెలుస్తుంది?"
తెలియదు, అన్నాను. నమ్ముతుంది.
కావాలంటే చూడు, అని
అసలు లైను తీగ పీకేశాను.
ఐలిఫ్ పైకే లెక్కపెట్టాడు.
తొమ్మిది అనేలోపు అది తనంతట తానే నెంబరు తిప్పింది,
గోదాము చలి అంకెలు, మైనస్ ఇరవై నాలుగు,
ట్రోమ్సో తెర మీద పడ్డాయి.
తీగ మళ్ళీ పెట్టాను. సర్దుకుంది. పడుకుంది.

ఏప్రిల్లో ఓడ్‌వేగ్ ఫ్యాక్స్ పంపింది.
బిల్లు ఒక్క పేజీ, అందులో రెండే వరుసలు.
ఒకటి ఫిబ్రవరి తుఫాను రాత్రిది, నాలుగు గంటల పాటు. అది నా లైనే.
రెండోది కాపలా గది నుంచి
ఏదో పడవ నెంబరుకి, మూడు నిమిషాలు.
దాని పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు.

అది రౌటరు పని కాదని మాత్రం
తిరిగి రాశాను.