'ఆర్' అంటే

ఫహాహీల్‌లో మా మందుల షాపు తలుపు తెరిస్తే
ముందు ఇసుక వస్తుంది, తర్వాత మనిషి.
లింబాద్రి కంటే మాత్రం
అతని దగ్గే ముందు లోపలికొచ్చింది.

చీటీలో సుడాన్ డాక్టరు రాసింది మూడు ముక్కలు:
జ్వరానికి తెల్ల మాత్ర. ఉప్పునీళ్ళు పుక్కిలించు.
మూడు రోజులు చూడు.

"గింతేనా?" అన్నాడు.
"సగం దినం కూలి పాయె, టాక్సీకి పాయె,
డాక్టరుకు రెండు దినార్లు పాయె.
సగం ఎర్రగ సగం పసుపుగ ఉంటది సూడు, గా గోళీ ఇయ్యి.
మా ఫోర్‌మన్ దగ్గును నమ్మడు, గోళీని నమ్ముతడు."

చెప్పాను. ఇది జలుబు పురుగు,
ఆ గోళీకి దీని ఇల్లు తెలియదు,
ఊరికే కడుపంతా తిరిగి
పాపం తెలియని వాటిని కొట్టి వస్తుంది అని.
విన్నాడు,
విమానంలో బెల్టు గురించి చెప్పేది విన్నట్టు.

ఆపైన జేబులోంచి తీశాడు
కత్తెరతో కోసిన రేకు ముక్క.
మూడు గోళీలు.
పేరున్న వైపు ఎవరికో పోయింది,
తేదీ ఉన్న వైపు ఇంకెవరికో.
గదిలో ఎనిమిది మంది, ఒక్క రేకు,
బియ్యం డబ్బా మీద ఉంటుందట,
నలతగా ఉన్నవాడు రెండు తుంచుకుంటాడట.
పంచుకు తినడం మంచి గుణమే కదా, ఏమనను?

అనడానికి నాకు నోరూ లేదు.
రాజంపేటలో, పనిలో చేరిన కొత్తలో,
ఓనరు కత్తెర నా చేతిలోనే ఉండేది.
"రెండు పూటలకియ్యి పాపా" అంటే
చీటీ అడక్కుండా
రెండు పూటలకే కోసిచ్చాను.

పోయిన నెల వాళ్ళ గదిలోనే పోశన్న.
మూత్రంలో మంట, వణుకు, మూడు రకాల మందులు మింగినా అదే మంట.
ల్యాబు కాగితం తెచ్చింది లింబాద్రే.
పైనుంచి కిందికి మందుల పేర్లు,
పక్కన ఒకటే అక్షరం, ఆర్, ఆర్, ఆర్,
అడుగున ఎక్కడో ఒక్క ఎస్,
అది పెద్దాసుపత్రిలో పడుకోబెట్టి ఎక్కించే మందు.
"ఆర్ అంటే ఏందక్కా?"
రెసిస్టెంట్ అనబోయి ఆగాను.
"రాదు" అన్నాను.
"ఈ మందు రాదు. పిలిచినా రాదు."

ఆ మాటే ఇప్పుడు గుర్తు చేస్తే
రేకు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.
తలుపు రెండుసార్లు కొట్టుకుంది.

శుక్రవారం మళ్ళీ వచ్చాడు. దగ్గు లేదు.
"ఎట్లైనా తగ్గేదే గద,
మరి రెండు దినార్లు ఎందుకు తీస్కుంటిరి?"
న్యాయమైన ప్రశ్న.
చిల్లర లెక్కపెడుతున్నట్టు తల దించాను.

అతని జేబు చదునుగా ఉంది.
"ఆ మూడు గోళీలు?"
"పక్క మంచం పోరనికి పన్నునొప్పి అంటే..."
అని ఆగాడు.
నా మొహం చూశాడు.
"రాదా?" అన్నాడు.