పై పొర

మూడేళ్ల చదువును తొమ్మిది నెలల్లోకి దట్టిస్తారు ఇక్కడ,
మాంచెస్టర్‌లో, వాన తెరిపివ్వని వీధిలో, నాలుగో అంతస్తులో.
పక్క కుర్చీ ఇనిగో నిరుటి దాకా ట్రాంబోన్ వాయించేవాడు,
కాంట్రాక్టు పాఠం చదివేటప్పుడు ఇప్పటికీ బుగ్గలు పూరిస్తాడు.
పశువుల ఆసుపత్రి నుంచి వచ్చిన డెల్ఫిన్
ప్రతివాది అని రాయాల్సిన చోట పేషెంట్ అని రాసి
నాలుక కరుచుకుంటుంది.
నేను రాళ్లు చదివినదాన్ని.
కోటు జేబులో భూతద్దం ఇంకా ఉంది.

ఈ వారం పాత కేసు.
మిల్లు యజమాని నీళ్ల కోసం జలాశయం కట్టించాడు.
అడుగున ఎవరో వదిలేసిన బొగ్గు బావులు.
నీరు వాటిలోకి జారి
పక్కవాడి గనిని ముంచింది.
నీరు పల్లమెరుగు.
నిజం ఎవరెరుగునో తేల్చడానికి ఇన్ని పేజీలు!
ఒక్క జడ్జీ అయినా అడగలేదు,
అది ఇసుకరాయా, పంకశిలా, పొరలు ఎటు వాలాయని.
చెయ్యెత్తాను.
"అది ఇంజనీర్ల బెంగ, మిస్ థ్రెల్‌ఫాల్,"
అంది ఓల్డ్‌రాయిడ్ మేడమ్, కళ్లద్దాల మీదుగా,
"మన బెంగ, నష్టం ఎవరి నెత్తిన అన్నది."

రాళ్లలో పాతది అడుగున ఉంటుంది,
కొత్తది దాని మీద పడుకుంటుంది.
ఇక్కడంతా తలకిందులు.
నూటయాభై ఏళ్ల తీర్పు పైనెక్కి కూర్చుంటే
నిన్న పుట్టినది దాని బరువు మోస్తుంది.
ఎప్పుడో ఒకసారి పై కోర్టు ఒళ్లు విరుచుకుంటే
పొరలు ఫెళ్లున తెగి జరుగుతాయి.
మేం దాన్ని భ్రంశం అంటాం.

ఎందుకొచ్చానంటే,
స్కార్‌హోమ్ కొండవాలు మీద నలభై మూడు పేజీల రిపోర్టు రాశాను.
ఫిబ్రవరిలో ఒక రాత్రి గోడ జారింది.
మనుషులు బతికారు.
విల్ఫ్ గారి పావురాల గూడు మట్టిలో కలిసింది.
విచారణలో నల్లసూటు లాయరు అడిగాడు:
"వాలు భద్రమా, కాదా? ఒక్క ముక్కలో."
"తడిని బట్టి ఉంటుంది," అన్నాను.
నీళ్లు నమిలానని అందరికీ అర్థమైంది.
రిపోర్టులో 'బహుశా' పదిహేడు సార్లుందని
వేలు మడుస్తూ లెక్కపెట్టి చూపించాడు.
కోపం రాలేదు.
నా ముందే నా రాయిని
నాకు తెలియని సుత్తితో పగలగొట్టాడు.
ఆ సుత్తి కావాలనిపించింది.

ఇవాళ ఉత్తుత్తి కోర్టు.
మేడమ్ జడ్జీ. ఇనిగో ఎదుటి పక్షం.
"మీ క్లయింటు బాధ్యుడా, కాదా?"
నోట్లోంచి అదే మాట వచ్చింది:
"మూడు సంగతులను బట్టి ఉంటుంది, మేడమ్."
మూడు వేళ్లూ చూపించాను.
ఆవిడ తలూపి ఏదో రాసుకుంది. బావుందనే అనుకుంటా.

చివరి రైల్లో పుస్తకం తెరవలేదు.
అక్కడ తప్పైన మాటకు ఇక్కడ మార్కులు.
సంతోషించాలి కాబోలు.
విల్ఫ్ గారి పావురాలు ఇప్పటికీ
సాయంత్రం పూట గూడు ఉండిన చోటికొచ్చి
గాలిలో వాలబోయి
మళ్లీ లేస్తున్నాయట.