అరికాలి పటం

తైచుంగ్ పార్కులో తెల్లారకముందే
చెప్పులు విడిచి చేత పట్టుకుంటుంది యూషియా.
గులకరాళ్ల బాట. పక్కనే తుప్పు పట్టిన బోర్డు:
వేళ్ల కింద కళ్లు, నడుమ కడుపు,
మడమ దగ్గరెక్కడో నిద్ర.

ఈ పటం మొదట గీసిందెవరు?
ఈజిప్టు సమాధి గోడ మీద
ఒకడి పాదం ఇంకొకడి చేతుల్లో ఉందంటాడు
టీ ఫ్లాస్కు ముసలాయన.
కాదు, మా తాతముత్తాతలదే అంటుంది ఊడ్చే మనిషి.
యూషియా ఏమీ అనదు.

ముప్పయ్యొక్కేళ్లు బూట్ల ఫ్యాక్టరీలో
అట్టలకు జిగురు పూసింది.
ఎడమవి ఒక బుట్టలో, కుడివి ఒక బుట్టలో.
పాదమంటే అప్పుడు నంబరు.
లోకమంతటినీ నేలకి అంగుళం ఎత్తున నిలబెట్టి
తను మాత్రం సాయంత్రానికి
వాచిన మడమలతో బస్సెక్కేది.

మొదటి అడుగుకే "అబ్బా" అంది, పోయిన చలికాలం.
అది కాలేయం, అన్నారెవరో.
ఇంకో రాయికి, వెన్ను అన్నారు.
జబ్బులు తగ్గాయో లేదో అడక్కండి,
మోకాలు ఇంకా కలుక్కుమంటూనే ఉంది.

కానీ ఇవాళ, మంచుకు తడిసిన రాయి ఒకటి
బొటనవేలి కింద చల్లగా కదిలితే
ఆగింది. మళ్లీ దాని మీదే కాలు మోపింది.

బోర్డు మీద ఆ చోటికి పేరు లేదు.