రెండుసార్లూ ఉన్నవాడు

"సాంకేతికత, మానవత్వం:
ఏవైనా రెండు కథలను పోల్చి వ్యాసం రాయుము.
రెండు పేజీలు మించరాదు."
వసుంధర మేడమ్ ఇచ్చిన ప్రశ్నని
అన్నం కేరేజీతో పాటు మోసుకొచ్చాను
కాన్వెంట్ జంక్షన్ దాటి, పోర్టు రోడ్డులో
మా కాటా గదికి.

కాటా అంటే బంగారం తూచేది కాదు.
లారీ మొత్తం ఎక్కి నిలబడేది.
రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా
నేను బరువులు చదువుతాను.
బరువులు రాని టైములో, బి.ఏ. రెండో ఏడు.

మొదటి కథలో ఒక మిల్లు.
తెల్లారగట్ల నాలుక్కి సైరన్ మోగించే ఆవిడ.
సైరన్‌కే సొంత గడియారం పెట్టాక
ఆవిడని ఇంటికి పంపేశారు.
అయినా నాలుక్కే లేస్తుంది.
చీకట్లో గోడకి చెయ్యి చాపుతుంది.
మీట లేని చోట సున్నం రాలుతుంది.

రెండో కథలో ఒక నర్సు యంత్రం.
మంచమ్మీదున్నాయన రోజూ అడుగుతాడు,
తమ్ముడొచ్చాడా అని.
తమ్ముడు పోయి ఏడాది. యంత్రానికి తెలుసు.
"బండి లేటండీ" అంటుంది.
ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు.

కాగితం మధ్యన గీత గీశాను.
అటొక కథ, ఇటొక కథ.
కిటికీలోంచి బొగ్గు పొడి వచ్చి
రెండు పక్కలా సమానంగా కూచుంది.

"ఒక కథలో మనిషి యంత్రమైంది,
ఇంకో కథలో యంత్రం మనిషైంది."
రాసి, పైకి చదువుకున్నాను.
ఎంత బాగుందో!
లారీ వెనకాల రాయించుకోవచ్చు.
కొట్టేశాను.

ఒంటిగంటకి ఎర్రునాయుడి టిప్పరు.
ఖాళీ బండి, పదకొండు వేల రెండొందల నలభై.
మూడింటికి మళ్ళీ అదే, బొగ్గు నింపుకుని,
ఇరవై ఎనిమిది వేల తొమ్మిదొందలు.
కంప్యూటరు తీసివేసింది. ప్రింటరు కీచుమంది.
స్లిప్పు చింపి ఇస్తూంటే
కేబిన్లోంచి కళ్ళు నులుముకుంటూ దిగాడు
క్లీనరు కుర్రాడు లోవరాజు.
పద్దెనిమిది నిండాయని కార్డులో ఉంది.
మొహంలో లేదు.

"ఏట్రా, ఎప్పుడెక్కావు?"
"దిగితే కదా మేడమ్, ఎక్కడానికి!
ఒంటిగంటక్కూడా ఇక్కడే తొంగున్నాను."

తూచేటప్పుడు బండిలో మనిషి ఉండకూడదు.
గోడ మీద ఎర్ర అక్షరాల్లో ఉంది.
స్లిప్పు మళ్ళీ చూశాను.
కిలో తప్పు లేదు.
రెండుసార్లూ ఉన్నాడు కనక
తీసివేతలో పోయాడు.
ఒక్కసారి, టీకో ఒంటేలుకో దిగుంటే
నలభయ్యో యాభయ్యో కిలోల తేడాగా
వాడు కంపెనీ లెక్కకి తగిలేవాడు.

డాల్ఫిన్స్ నోస్ మీది దీపం తిరిగి తిరిగి
ఎవర్నో లెక్కపెడుతూనే ఉంది.

కథలు మళ్ళీ తెరిచాను.
ఈసారి తేడాల కోసం కాదు.

మిల్లు కథలో, మూడో పేజీ అడుగున,
ఆవిడ గోడ తడుముతుంటే
పక్క మంచమ్మీంచి ఎవరో
"ఇంకా నాలుగవలేదు, పడుకోవే" అంటారు.
అప్పటికి నాలుగూ పది.
ఒక్క వాక్యం. మనిషి మళ్ళీ కనబడదు.

ఆస్పత్రి కథలో, మొదట్లోనే,
రాత్రుళ్ళు నేల తుడిచే ఒకడున్నాడు.
తడిగుడ్డ పిండుతూ, తల కూడా ఎత్తకుండా
"బండి లేటంటండీ" అన్నది ముందు వాడే.
యంత్రం ఆ పక్కనే ఉంది.
నేనే చూళ్ళేదు.

రెండు పేజీలూ వాళ్ళ గురించే రాశాను.
ప్రశ్న అడిగింది అది కాదని తెలుసు.
మేడమ్ ఎన్ని మార్కులేస్తుందో!
మార్జిన్లో నల్లటి వేలిముద్ర ఒకటి పడింది,
తుడిస్తే ఇంకా పెద్దదైంది.

కాటా రిజిస్టరులో రిమార్కుల గడి
ఖాళీగా వదిలేశాను.
రాస్తే కుర్రాడికి ఫైను.
వ్యాసంలో మాత్రం రాశాను,
పేరు మార్చి.

ఇక్కడా మార్చాను.