పాయింట్ ఏడు వోల్టులు

ఎస్పీ రోడ్డులో ఆ సందు సగం వానలో, సగం టార్పాలిన్ కింద.
కొట్టతను డబ్బాలో వేళ్లు ముంచి
చిటికెడు ట్రాన్సిస్టర్లు తీసి
పోపుగింజల్లా పొట్లం కట్టిచ్చాడు.
గోరంత మైకు ఒకటి. ఎర్ర ఎల్ఈడీలు మూడు.
ప్రాజెక్టా, అని అడిగాడు కన్నడంలో.
కాదు, ఊరికే, అన్నాను.
ఊరికే కొనేవాళ్లను చూసి చాన్నాళ్లయిందేమో
రెండు రెసిస్టర్లు కొసరేశాడు.

మడివాళలో మా గది. మూడు మంచాలు, ఒక కిటికీ,
కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ.
మూడో మంచం ఖాళీ అయినప్పట్నుంచి అదే నా వర్క్‌షాపు.
గోధుమ, నలుపు, నారింజ: పదివేల ఓములు.
ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్సు.
ట్రాన్సిస్టర్ చదును మొహం నావైపు తిప్పుకుని
మూడు కాళ్లూ బోర్డు కన్నాల్లో గుచ్చుతుంటే
ముక్కు కుట్టించుకున్న రోజు గుర్తొచ్చింది.

మొదటిసారి వెలగలేదు.
రెండోసారి వెలిగింది, ఆరలేదు.
మూడోసారి ఫోన్లో డప్పుల పాట పెట్టాను.
అప్పుడు చూడాలి దాన్ని!
దెబ్బ దెబ్బకీ ఎర్రగా ఉలిక్కిపడుతూ
చరణం మధ్యలో డప్పు ఊపిరి తీసుకుంటే
తనూ తీసుకుంటూ.

దానికి సంగీతం రాదని తర్వాత తెలిసింది.
కుక్కర్ విజిలుకీ అంతే మురిపెం,
నీళ్లు రాలేదని ఓనరమ్మ వేసే కేకకీ,
సిల్క్ బోర్డు నుంచి తేలివచ్చే హారన్లకీ.
గట్టిగా ఉన్నదేదైనా దానికి పాటే.

ఒక్క ఉరుకుందమ్మకి మాత్రం వెలగదు.

ఆదోని పిల్ల. కిటికీ పక్క మంచం.
రాత్రి పదకొండు దాటాక దుప్పట్లో ఫోను.
ఎవరితోనో నేనడగలేదు, తను చెప్పలేదు.
పాయింట్ ఏడు వోల్టులు దాటితేగానీ
ట్రాన్సిస్టర్ తలుపు తియ్యదు.
ఆమె మాట ఆరు దాకా వచ్చి
గడప బయటే కూర్చుంటుంది.

నాకు పంతం వచ్చింది.
ప్రీసెట్ మరను వెంట్రుకవాసి తిప్పి పడుకున్నాను.
దుప్పట్లోంచి ఒక ఊఁ. ఎరుపు.
సగం మాట. ఎరుపు.
అవతలి మనిషి మాట్లాడినంతసేపూ చీకటి,
ఎంత పొడుగు చీకటో.
మళ్లీ ఒక మినుకు, అంతలో ఆమె గొంతు తగ్గింది.
లేచి ఇంకొంచెం తిప్పాను.
ఇంకా తగ్గింది.
చివరికి ఫ్యాను గాలికే మూడు దీపాలూ వణుకుతుంటే
ఫోను పక్కన పెట్టేసిన చప్పుడు.
దానికీ వెలిగింది.

పొద్దున తల దువ్వుకుంటూ అంది:
"నీ లైటు మంచిదక్కా.
అది ఎలిగిందంటే నీకు నిద్ర చెడేంత గట్టిగా
మాట్లాడతాండానని లెక్క.
రోజూ దాన్ని చూస్కుంటానే మాట్లాడతా.
రాత్రి ఏమాయనో, ఊరికూరికే ఎలిగె.
మా నాయనకి చెవులు సరిగా ఇనపడవు.
ఏందే లోపల్లోపల గొణుగుతావని
కోపమొచ్చి పెట్టేసె."

నోట్లో బ్రష్షు ఉండటం మంచిదైంది.
ఆమె తలపిన్ను అడిగి తీసుకుని
మరను వెనక్కి తిప్పాను.
చాలా వెనక్కి. డప్పుకైనా వెలగనంత.

ఆ రాత్రి పదకొండుంపావుకి
"నాయనా, తింటివా? తింటివా అంటి! తిం-టి-వా!"
ఎల్ఈడీలు మూడూ రాళ్లలా ఊరుకున్నాయి.
నేను గోడవైపు తిరిగి నిద్ర నటించాను,
గురక కూడా పెట్టాను కాస్త.

ఆదోనిలో నిన్న పెద్ద వానంట.
ఎద్దు కాలు వాపు దిగిందంట.