కుట్టుకూ కుట్టుకూ నడుమ

రువీల, బస్టాండు వెనక సందు,
మిఠాయి దుకాణం పక్క మెట్లెక్కితే
వినపడేది నా మిషను చప్పుడే.
ఇరవై రెండేండ్ల నుంచి ఒమానీల మెడల కింద
అత్తరు అద్దుకునే కుచ్చులు కుడుతున్నోణ్ణి,
సిరిసిల్ల రాజలింగాన్ని.

ఊపిరితిత్తిల మొదలై
ఎముకలకు దిగిందన్నరు. కత్తికి అందదన్నరు.
సీసాలకెళ్లి చుక్కచుక్క దిగే మందు
నా ఒంట్లనే కునుకుతున్న కావలోళ్లను లేపుతదన్నరు.
లేపింది.
ఏడాదాయె, గడ్డ పొలిమేర దాటలే.

మూడు వారాలకొక ఆదివారం.
పక్క కుర్చీల ఖల్ఫాన్, సూర్ నుంచి,
పడవల వడ్లాయన.
అతని ఖర్జూరం, నా సకినాలు,
నడుమ రెండు స్టాండ్లు, రెండు గొట్టాలు.

ఒకనాడు డాక్టర్ జువైనా కాయితం ముందర పెట్టింది.
"మూడు వారాలకిచ్చేది
పన్నెండు వారాలకిస్తే చాలునేమో చూడాలె.
సగం మంది పాత లెక్క, సగం మంది కొత్త లెక్క.
చీటీ తీసేది కంప్యూటర్, నేను కాదు."

"మందు మిగిలించుకోను చూస్తున్నరే,
సంతకం పెట్టకు" అన్నడు రూముల మొగిలి.
అదే మాట ఆమెను అడిగిన.
కండ్లు పక్కకు తిప్పలే.
"మిగిలితే మిగులుతది, ఇంకొకరికి అందుతది.
నీకు మంచా చెడా అంటవా,
అది ఎరుకైతే ఈ పరీక్ష దేనికి?"

ఎరుక లేదన్న డాక్టర్ను
అదే మొదలు చూసుడు.
ఆ మాట మీదనే సంతకం పెట్టిన.

ఖల్ఫాన్‌కు పాత లెక్క వచ్చింది.
నాకు కొత్తది.

ఆ రాత్రి నిద్ర పట్టక నా ఇద్దెలనే వెతుక్కున్న.
దగ్గర కుట్టు గట్టిదంటరు గిరాకీలు.
పలుచటి గుడ్డకు అన్ని సూదిపోట్లు పడితే
కుట్టు వెంబడే చిరుగుతదని వాళ్లకు తెలవదు.
మరీ దూరమైతే నోరు తెరుస్తది.
ఏ గుడ్డకు ఎంత ఎడమో
కుట్టి, గుంజి చూస్తే తప్ప చెప్పరాదు.
ఈసారి గుడ్డను నేను.

మొదటి ఖాళీ ఆదివారం
అలవాటుకు నాలుగింటికే లేచి
ఉతికిన అంగీ తొడుక్కొని రోడ్డు మీదికి పోయిన.
బస్సాగింది. తలుపు తెరుచుకుంది.
డ్రైవరు నన్ను చూసిండు,
నేను నా చెప్పులు చూసుకున్న.
బస్సు పోయింది.
అప్పుడు దగ్గొచ్చింది.
మామూలు దగ్గా? అదా?
స్కాను తారీఖు ఇంకా ఎక్కడో ఉంది.
ఆ దగ్గుతోని ఒక్కణ్ణే మెట్లెక్కిన.

పండుగ ముందటి రోజులు.
ఆ ఒక్కనాడే మూడు దిష్‌దాషాలు దింపిన.
మోచేతి మీది నీలం మచ్చ
కొన్నాళ్లకు పసుపైంది,
ఒకనాడు చూస్తే తోలే ఉంది, మచ్చ లేదు.

పన్నెండో వారం.
ఖల్ఫాన్ అదే కుర్చీల.
"నీ జాగల ముగ్గురు మారిన్రు,
ఒక్కరికీ మాట్లాడ రాదు" అని కోప్పడ్డడు.
చేయి చాపిండు, నేనూ చాపిన.
అతని నరాలు వెతికి వెతికి గుచ్చినట్టున్నయి.
ఎవరి లెక్క మంచిదో
అతను అడగలే. నేనూ అడగలే.

"మా తాత మేకు ముట్టకుండ
కొబ్బరితాడుతోని పలకలు కుట్టేటోడు," అన్నడు,
"నీళ్లల్ల నానినంకనే ఆ కుట్టు బిగిసేది.
ఒడ్డు మీద చూసి ఏ పడవనూ మెచ్చుకోకు, తిట్టుకోకు
అనేటోడు."

మందు దిగుతుండగనే జేబుల టేపు తీసి
ఒంటిచేత్తోని అతని భుజాలు కొలిచిన.
నర్సు గొట్టం జరిపి, కసిరి, నవ్వింది.
మొన్నటికన్న అంగుళంన్నర తక్కువ.
పైకి చెప్పలే.

"ఎప్పటికిస్తవు?"
"పన్నెండు వారాలకు."

చుక్కల దిక్కు జరసేపు చూసి అన్నడు:
"పక్కలకు లోపల నాలుగేళ్ల గుడ్డ వదులు.
ఒళ్లు చేస్తనేమో."